చౌక మాటకు చాటు రుసుము

వర్తకుడు తన లాభమును పెంచుకొనుటకు రెండు త్రోవలు గలవు. ధర పెంచితినని బహిరంగముగ చెప్పుట యొకటి. ధరను కదలింపక కుంచమును తగ్గించుట రెండవది. మొదటిది కొనువానికి కష్టము కలిగించును గాని మోసము కాదు. రెండవది మోసము. ఈ భేదము నెఱిగియే మన ప్రాచీన రాజనీతిజ్ఞులు తూనికలను, కొలతలను ప్రభుత్వముద్రకు లోబఱచిరి. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున పౌతవాధ్యక్షుడను ప్రత్యేకోద్యోగిని ఈ పనికై నిర్దేశించి, తప్పుడు కొలతలు వాడువారికి దండనలు విధించెను. నేడు సంతలో తూనికరాళ్ళకు ముద్ర గలదు. పెట్రోలు పోయు యంత్రమునకు ముద్ర గలదు. మాటలను కొలిచి అమ్ము టెలిఫోను కంపెనీల నిమిషమునకు ముద్ర యెక్కడ? అది ఎన్ని సెకనుల నిమిషము? దానిపై చాటున చేరు రుసుము లెన్ని? లెక్క తప్పినచో అడుగవలసినదెవ్వరిని? ఈ ప్రశ్నలు పట్టణవాసుల కాలక్షేపమునకు సంబంధించినవని తలంచుట పొరపాటు. పల్లెలలో వీని బరువు మఱింత హెచ్చు.

విజయవాడకు ఉత్తరముగ, తిరువూరు ప్రాంతముననున్న రెడ్డిగూడెము నుదాహరణముగ తీసికొందము. ఇది మామిడితోటల సీమ. చిరకాలము కృష్ణా జిల్లాలోనిదై యుండి, 2022 ఏప్రిల్ 4వ తేదీ మొదలు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. ఇచ్చట టెలిఫోను విలాసవస్తువు కాదు, వ్యవసాయపు పనిముట్టు. కాయ కోతకు వచ్చిన దినములలో నున్న మార్కెట్టున బంగినపల్లి ధర యెట్లున్నదో, ఉత్తరదేశపు వర్తకుడు లారీని నేడు పంపునో రేపు పంపునో సకాలమున తెలియకున్నచో, ఏడాది పొడుగున కాచుకొన్న ఫలము చెట్టుక్రిందనే రాలిపోవును. ఇదియొక అవసరము. మఱియొకటి గలదు. కృష్ణాతీరపు గ్రామములనుండి చదువుకొఱకును ఉద్యోగముకొఱకును అమెరికా వెళ్ళిన బిడ్డల సంఖ్య స్వల్పము కాదు. వారి తల్లిదండ్రులకు వారమున కొకమారు వినవచ్చు కంఠస్వరమే ఆ బిడ్డ. ఒకటి కడుపుకూటికి సంబంధించిన మాట. రెండవది కడుపుతీపికి సంబంధించిన మాట. రెండును మానుకొనరాని మాటలు. మానుకొనరాని అవసరమున్న చోటనే మాయధర కాలూనుకొనును.

పూర్వకాల మంతయు సుఖమయమని మేము వ్రాయబోము. టెలిఫోను ప్రభుత్వశాఖ చేతిలోనే యున్న దినములలో కనెక్షనుకై దరఖాస్తు పెట్టి సంవత్సరములకొలది వేచియుండవలసివచ్చెడిది. దూరప్రాంతమునకు మాటలాడవలెనన్న ట్రంకుకాలు బుక్కుచేసి గంటలతరబడి యంత్రము ముందర కూర్చుండవలెను. త్వరపడినవానికి అర్జెంటు కాలు, ప్రాణము మీదికి వచ్చినవానికి ఎనిమిదిరెట్ల ఛార్జీతో లైట్నింగు కాలు. మీటరు మితిమీరి తిరిగినదని ఆ దినములలోను మొఱలు వినబడుచునే యుండెను. ఐనను ఒక్కటి ఒప్పుకొనవలెను. ట్రంకుకాలునకు మూడేసి నిమిషములు పూర్తియైనప్పుడెల్ల ఆపరేటరు నోట హెచ్చరించెడిది. మాటలాడువానికి తాను కొన్న దెంతయో తెలిసెడిది.

1960లో కాన్పూరు, లక్నో నగరముల నడుమ ఆపరేటరుతో పనిలేని ఎస్.టి.డి. సౌకర్యము మన దేశమున తొలిసారి యేర్పడెను. 1984లో స్థాపితమైన సి-డాట్ సంస్థ మన పల్లెల వేడికిని దుమ్మునకును తాళగల 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజిని నిర్మించి గ్రామములకు టెలిఫోనును చేరువ చేసెను. పిమ్మట వీథివీథిని పసుపుపచ్చని ఎస్.టి.డి. బూతులు వెలసినవి. రాత్రి ప్రొద్దుపోయిన తరువాత ఛార్జీ పగటి ఛార్జీలో నాలుగవ వంతునకు దిగెడిది గనుక, జనులు ఆ వేళకై వరుసకట్టి నిలుచుండెడివారు. ఆ బూతులలో ఎదుటనే ఎఱ్ఱని అంకెలు తిరుగుచుండెను. మాట ముగియగనే చీటీ చేతికి వచ్చెడిది. చీటీ తప్పనిపించినచో బల్లకావల నున్న మనుష్యుని నిలదీయవచ్చును. ఆ మనుష్యుడు నేడు కనబడుట లేదు.

పోటీ మేలు చేయలేదని మేమనము. 2000 ఆగస్టులో దేశాంతర్గత దూరపు పిలుపుల వ్యాపారమును ప్రైవేటువారికి తెఱచిరి. అదే సంవత్సరము అక్టోబరు 1న టెలిఫోను శాఖ బి.ఎస్.ఎన్.ఎల్. కంపెనీగ మాఱెను. 2002 ఏప్రిల్ 1న విదేశపు పిలుపులపై వి.ఎస్.ఎన్.ఎల్.కు గల గుత్తాధికారము ముగిసెను. 2006 మార్చి 1న దేశమున ఏ మూలకైనను నిమిషమునకొక రూపాయి చాలునను పథకము వెలువడెను. ఛార్జీలిట్లు దిగివచ్చుట వలన రెడ్డిగూడెపు రైతునకు ఢిల్లీ వర్తకుడు పొరుగువాడైనాడు. ఈ మేలును మఱచుట కృతఘ్నత. ఐతే చౌకయను మాట ఎంత పెద్ద అక్షరములలో అచ్చుపడినదో, షరతులన్న మాట అంత చిన్న అక్షరములలో అచ్చుపడినది. ధర దిగినది, కొలత కూడ దిగినది.

ఈ విషయము తేటపడుటకొక లెక్క వేసి చూతము. ఒక కంపెనీ నిమిషమునకు 50 పైసలనియు, మఱియొకటి సెకనునకు ఒక పైసయనియు ప్రకటించినవనుకొందము. సెకనునకు పైస యనిన నిమిషమునకు 60 పైసలు. చూచినంతనే మొదటిది చౌక. కాని అది పూర్తి నిమిషములుగ మాత్రమే లెక్కించును. 65 సెకనులు మాటలాడినవాడు రెండు నిమిషములకై రూపాయి చెల్లించును. రెండవ కంపెనీలో 65 పైసలతో పోవును. అట్టి పిలుపులు పది చేసినచో మొదటిచోట పది రూపాయలు, రెండవచోట ఆఱున్నర రూపాయలు. లారీ వచ్చినదా, కాయ దించిరా యని రైతు చేయు పిలుపులన్నియు ఇట్టి పొట్టి పిలుపులే. 2009లో టాటా డొకోమో సెకనుల లెక్కను ప్రవేశపెట్టగనే మిగిలిన కంపెనీలు కొలది కాలములోనే ఆ త్రోవ పట్టినవి. అంతవఱకు ఆ మిగులు సెకనుల సొమ్ము ఎవరి సంచిలో పడుచుండెనో పాఠకులే ఊహింపగలరు.

ఈ విద్యకు పుట్టినిల్లు అమెరికా. 1984లో అచ్చటి మహాసంస్థయగు ఏ.టి. అండ్ టి. ముక్కలైన పిమ్మట దూరపు పిలుపుల వ్యాపారమున వందలకొలది చిన్న కంపెనీలు బయలుదేఱినవి. ఖాతాదారుని అనుమతి లేకయే వాని లైనును తమ పేరునకు మార్చుకొను కంపెనీలును, బిల్లులో అడుగని సేవల రుసుములను జొనుపు కంపెనీలును వానిలో తలయెత్తినవి. 1996 నాటి చట్టము ఇట్టి దొంగమార్పిడిని నిషేధించినది. దానికి తోడుగ అచ్చటి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషను చేసిన నిబంధన యొకటి గమనింపదగినది: అనుమతి లేక మార్చబడిన ఖాతాదారుడు ఇంకను సొమ్ము చెల్లింపనిచో, మొదటి ముప్పది దినముల పిలుపులకు ఎవ్వరికిని చెల్లింప నక్కఱలేదు. తప్పుచేసినవానికి ఆ తప్పువలన లాభమే లేకుండ చేయుట యిందలి సూక్ష్మము.

మన బిడ్డలు ఆ దేశమున విద్యార్థులుగ నున్నప్పుడు ఎక్కువగ వాడినది ముందుగ డబ్బిచ్చి కొను పిలుపుకార్డు. కిరాణాదుకాణమున పప్పులు, ఊరగాయల ప్రక్కనే దానిని వ్రేలాడగట్టి అమ్మెడివారు. ఐదు డాలర్ల కార్డుపై, నిమిషమునకు రెండు సెంట్ల చొప్పున, 250 నిమిషములని పెద్దగ అచ్చువేసిరనుకొందము. వెనుకవైపున సన్నని అక్షరములలో, ప్రతి పిలుపునకు 50 సెంట్ల కనెక్షను రుసుము, మూడేసి నిమిషములుగ లెక్క, వారమునకు 75 సెంట్ల నిర్వహణ రుసుము అని యున్నది. ఆ బాలుడు రెండు వారములలో ఇంటికి నాలుగు పర్యాయములు, పదేసి నిమిషములు మాటలాడెను. పది నిమిషములు పండ్రెండుగ లెక్కకు వచ్చి 24 సెంట్లు, కనెక్షనుతో 74, నాలుగింటికి రెండు డాలర్ల 96 సెంట్లు. వారపు రుసుములు ఒకటిన్నర డాలరు. మిగిలినది 54 సెంట్లు. ఐదవమారు పిలిచినచో కనెక్షనుకే 50 పోవును; మిగిలిన నాలుగు సెంట్లతో ఒక్క మూడు నిమిషముల ముక్కయు రాదు. 250 నిమిషములని కొన్న కార్డు 40 నిమిషములతో ముగిసినది. ఆఱవ వంతునకును తక్కువ! ఈ అంకెలు మేము లెక్కకై వేసినవే గాని, ఈ రుసుముల స్వరూపము మాత్రము వాస్తవము.

అచ్చటి ప్రభుత్వము చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఫెడరల్ ట్రేడ్ కమిషను 2008లో ఇట్టి కార్డుల కంపెనీలపై వ్యాజ్యములు వేసినది. కమిషనువారు కార్డులను స్వయముగ కొని పరీక్షింపగా, ప్రకటించిన నిమిషములలో ఇంచుమించు సగమే లభించుచున్నట్లు బయటపడెను. ఆ కంపెనీలలో నొకటి 2009లో 22.5 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడెను. కమ్యూనికేషన్స్ కమిషను 2011లో విచారణ సాగించి, 2015లో ఆఱు కంపెనీలపై ఒక్కొక్కదానికి 50 లక్షల చొప్పున మూడు కోట్ల డాలర్ల జరిమానా విధించెను. కార్డుపై అచ్చువేసిన నిమిషము లన్నియు దక్కవలెనన్న, ఒక్కటే పిలుపును ఆపకుండ గంటలతరబడి సాగింపవలెనన్నది ఆ విచారణలో తేలిన సత్యము. తల్లితో మాటలాడు ఏ కుమారుడైనను మధ్య నిదురపోడా? అన్నము తినడా?

చౌకకు మఱియొక రహస్యము గలదు. విదేశపు పిలుపు మన దేశమున దిగినప్పుడు, దానిని స్వీకరించిన కంపెనీకి కొంత రుసుము చెల్లింపవలసియున్నది. దానిని ఎగవేయుటకై విదేశపు పిలుపును దొంగత్రోవను తెచ్చి స్థానికపు పిలుపుగ వేషము మార్చుట కలదు. అమెరికానుండి కుమారుడు పిలువగా ఇంటివారి ఫోనులో ఏదియో మన దేశపు నెంబరు కనబడుటకు కారణమిదియే. చిన్న వ్యాపారులే ఇట్లు చేయుదురనుకొనరాదు. ఇట్టి వేషమార్పిడికే 2004లో టెలికం శాఖ రిలయన్సు ఇన్ఫోకామ్ కంపెనీపై 150 కోట్ల రూపాయల జరిమానా విధించెను. ఆ త్రోవను వచ్చిన పిలుపు మధ్యలో తెగినను, మాట వినబడకున్నను ఫిర్యాదు చేయుటకు చోటులేదు. దొంగబండి యెక్కినవాడు స్టేషను మాస్టరునకు మొఱపెట్టుకొనలేడు గదా!

నేడు ఆ కార్డుల ప్రాభవము తగ్గినది. ఇంటర్నెట్టు ద్వారమున బిడ్డల ముఖములు చూచుచునే మాటలాడుచున్నాము. ఐనను మూలవ్యాధి నయము కాలేదు, రూపము మార్చినది. మన దేశమున ఫోను వాడువారిలో అత్యధికులు ముందుగ డబ్బు చెల్లించువారే. ఇందలి మర్మము భూస్వాములకు చక్కగ తెలియును. బాకీ యున్నవాని ఇంటికి షావుకారే తిరుగును; ముందు సొమ్మిచ్చినవాడు సరకుకై షావుకారు ఇంటికి తిరుగవలెను. నెల తుది బిల్లులో తప్పున్నచో ఖాతాదారుడు చెల్లింపక నిలువరింపగలడు. ముందుగ చెల్లించినవాని సొమ్ము కంపెనీ చేతిలోనే యున్నది గనుక వాడు ప్రార్థింపవలసినదే. తాను కోరని పాటయో జ్యోతిషమో తన ఖాతాలో చేరి రోజుకు కొంతగ సొమ్ము తరిగిపోవుచున్నను, అక్షరాస్యుడు కాని రైతునకు ఇంగ్లీషున వచ్చిన సందేశము అడవిలో వెన్నెలయే.

నెలను గూర్చి ఒక మాట. కంపెనీలు రీచార్జికి 28 దినముల గడువు నిర్ణయించి దానిని నెలయని వాడుకలోనికి తెచ్చినవి. 28ని 13 పెట్టి హెచ్చవేసిన 364. అనగా ఏడాదికి పండ్రెండు నెలలు, పదమూడు కిస్తులు! ఏ సర్కారైనను భూమిశిస్తును ఈ విధముగ వసూలు చేసియుండినచో రైతాంగము ఊరకుండెడిదా? 2022 జనవరిలో టెలికం నియంత్రణ సంస్థయగు ట్రాయ్, 30 దినముల పథకమొకటి, ప్రతి నెల అదే తేదీన మఱల చెల్లించు పథకమొకటి తప్పక యుంచవలెనని ఉత్తరువు చేసినది. అట్లే, మాటలు తప్ప మఱేమియు నక్కఱలేని వృద్ధురాలు తన మీటల ఫోనునకు సైతము ఇంటర్నెట్టు డబ్బులు కట్టుచున్న అన్యాయమును గుర్తించి, మాటలకును సందేశములకును మాత్రమే పనికివచ్చు పథకము నమ్మవలెనని 2024 డిసెంబరులో శాసించినది. ఉత్తరువులు మంచివే. కాని ఊరి దుకాణమున ఏ పథకము ముందు చూపబడును? లాభమెక్కువ గలదే గదా!

ఇక ఫిర్యాదు సంగతి. కంపెనీ నెంబరునకు పిలిచినచో యంత్రము పలుకును. ఒకటి నొక్కుడనును, రెండు నొక్కుడనును, మఱల మొదటికి తెచ్చును. మనుష్యుడు దొరకిన పిదప అతడు మఱియొక శాఖ పేరు చెప్పును. మఱునాడు పిలిచినచో మఱియొక మనుష్యుడు. కథ మొదటినుండి చెప్పవలెను. పది రూపాయల కొఱకు ఇంత బాధ యేల యని రైతు మానుకొనును. ఆ మానుకొనుటయే ఈ వ్యాపారమునకు పెట్టుబడి. ఒక్కని వద్ద పది రూపాయలు అల్పము. కోటిమంది వద్ద పది కోట్లు.

న్యాయస్థానపు త్రోవయు చాలకాలము మూతపడియుండెను. టెలిఫోను బిల్లు తగవులను 1885 నాటి టెలిగ్రాఫు చట్టపు 7-బి సెక్షను ప్రకారము మధ్యవర్తియే తీర్పవలెను గాని, వినియోగదారుల న్యాయస్థానము విచారింపరాదని సుప్రీముకోర్టు 2009లో తీర్పు చెప్పినది. ఆ మధ్యవర్తిని నియమించునది ప్రభుత్వమే. సామాన్యుడు దానితో నిరాశపడెను. 2022 ఫిబ్రవరి 16న అదే న్యాయస్థానము ఆ అభిప్రాయమును త్రోసిపుచ్చినది. నెలకు సగటున 555 రూపాయల బిల్లు వచ్చు అహమ్మదాబాదు వాసికి 2013లో ఒక నెల 24 వేల రూపాయలకు మించిన బిల్లు వచ్చుట ఆ వ్యాజ్యమునకు మూలము. మధ్యవర్తిత్వమున్నను వినియోగదారుల కమిషనునకు విచారణాధికారము పోలేదని మువ్వురు న్యాయమూర్తులు స్పష్టము చేసిరి. ఒక్క ఖాతాదారుని పట్టుదల కోట్లమందికి తలుపు తెఱచినది. 2023 నాటి టెలికమ్యూనికేషన్సు చట్టము కూడ ఈ హక్కును కాపాడినది.

కావున పాఠకులు కొన్ని సంగతులు మనసున నుంచుకొనవలెను. 2012 నాటి నిబంధనల ప్రకారము ప్రతి ఫిర్యాదునకు కంపెనీ ఒక డాకెట్టు నెంబరు ఇచ్చి తీరవలెను, దానిని వ్రాసియుంచుకొనుడు. జవాబు తృప్తికరము కానిచో 30 దినములలోపల ఆ కంపెనీలోని అప్పీలు అధికారికి విన్నవించుకొనవచ్చును, రుసుము లేదు, 39 దినములలో పరిష్కరింపవలెను. ముందుగ డబ్బు చెల్లించువాడును, 50 రూపాయలకు మించని రుసుముతో, గడచిన ఆఱు నెలల వివరమైన లెక్కను అడిగి పుచ్చుకొనవచ్చును. కోరని సేవను తొలగించుటకు 2013లో 155223 అను ఉచితపు నెంబరు నిర్ణయింపబడెను. కంపెనీ మార్చినను నెంబరు మారని సదుపాయము 2011 జనవరి 20నుండి దేశమంతట నున్నది. ఇవియన్నియు విఫలమైనచో జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు 1915 నెంబరున తెలుపవచ్చును. లేక తాను నివసించు జిల్లా కమిషనులోనే దావా వేయవచ్చును. చెల్లించిన వెల ఐదు లక్షల రూపాయలకు మించనిచో కోర్టు రుసుము కూడ లేదు.

హక్కులు కాగితముపై నున్నంత మాత్రమున ఫలింపవు. ప్రభుత్వమును మేము మూడు కోరుచున్నాము. ప్రతి రీచార్జి దుకాణమున పథకముల ధర, గడువు, దినమునకు పడు ఖర్చు తేటతెలుగున పలకపై వ్రాయించి వ్రేలాడగట్టవలెను. ఫిర్యాదు స్వీకరించువాడు తెలుగున మాటలాడి, వ్రాతమూలమున తెలుగుననే జవాబీయవలెను. లెక్క తప్పని తేలినచో ఫిర్యాదు చేసిన యొక్కనికే గాక, అదే తప్పునకు గురియైన ఖాతాదారులందఱికిని సొమ్ము తిరిగి జమచేయవలెను. ఈ మూడవది లేనిదే మొదటి రెండును అలంకారములు. అమెరికా నిబంధనలోని సూక్ష్మమిదియే: తప్పు లాభసాటిగ నున్నంతవఱకు తప్పు ఆగదు.

గ్రామములందలి విద్యావంతులకు మా విన్నపమొకటి గలదు. పూర్వము ఊరి కరణము వద్ద దస్తావేజు చదివించుకొనుటకు జనులు వచ్చెడివారు. నేడు పక్కింటి ముసలమ్మ ఫోనున వచ్చిన సందేశమును చదివి చెప్పువాడు కావలెను. రెడ్డిగూడెమువంటి ప్రతి గ్రామమునను గ్రంథాలయమునందో పంచాయతీ అరుగుపైననో వారమునకొక సాయంకాలము ఇద్దరు యువకులు కూర్చుండి, వచ్చినవారి లెక్కలు చూచి, డాకెట్టు నెంబరులు వ్రాసిపెట్టి, అప్పీళ్ళు పంపినచో, పది రూపాయల తగవు కూడ పట్టించుకొనవలసిన తగవని కంపెనీలు గ్రహించును. రాబోవు మామిడికోతలకు ముందే ఈ పని యారంభమగునని ఆశించుచున్నాము.